మోకాలి కిందుగా వచ్చిన కాఫీ

లారీ లుగాజ్ లోయలోకి దిగుతున్నంతసేపూ పష్కో నోరు మూతపడలేదు. ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, రెండో చేత్తో గాలిలో ఊరేగింపు నడిపిస్తున్నాడు.

“అక్కా, నువ్వు దేనికీ బెంగపడకు. అంతా చక్కబెట్టేశాను. బలిసిన గొర్రెను కోయించాను. ష్కోద్ర పట్నం నుంచి కాఫీ గింజలు తెప్పించాను, పంచదారతో సహా. పెద్దలందరికీ కబురు పెట్టాను. నువ్వు వెళ్ళి కూర్చోవడం, ఆ ఒక్క మాటా అనడం. అంతే పని.”

“ఏ మాట?” అంది ద్రాండె.

“అదే, మీ తాతగారు తప్పు చెయ్యలేదన్న మాట. మా అక్క రోములో ముప్పై ఏళ్ళు చరిత్ర తవ్వి తవ్వి ఆ సంగతి తేల్చేసిందని ఊరూరా చెప్పాగా!”

ద్రాండె వాడివైపు తిరిగింది. “నేను తేల్చానని నీకెవరు చెప్పార్రా?”

“ఒకళ్ళు చెప్పాలా ఏంటి? సొంత తాత మీది మచ్చ కడగడానికి కాకపోతే ముప్పై ఏళ్ళు ఎవరైనా చదువుతారా?”

పష్కో మంచివాడే. నాయనమ్మ వైపు చుట్టం, ఇంటిపేరు వేరు. అక్క రాజకుమారి అని చెప్పుకుంటే నలుగురిలో తన మీసం ఒక వేలెడు పొడుగవుతుందని వాడి ఆశ. ఆశపడ్డంలో తప్పేముంది? కానీ మంచివాళ్ళు చేసే సాయం ఉంది చూశారూ, శత్రువు చేసే కీడు కన్నా దాన్ని విడిపించుకోవడం కష్టం.

లెష్ దొర అంటే ఆ లోయకీ, చుట్టూ ఉన్న మూడు కొండలకీ రాజు. రాజనగానే ఏనుగులూ అంబారీలూ ఊహించుకునేరు, అలాంటిదేం లేదు. కిరీటం ఒకటుండేది, అదీ వియన్నాలో చేయించినది, తలకి కాస్త వదులు. పెళ్ళిళ్ళకీ పండగలకీ లోపల ఉన్నిగుడ్డ కుక్కి పెట్టుకునేవాడు. అయితేనేం, ఆయన గడప తొక్కినవాణ్ణి దేవుడు కూడా ముట్టుకోడని జనం నమ్మేవారు. అక్కడ మాట ఇవ్వడాన్ని బెసా అంటారు. బెసా ఇచ్చి లోపలికి రానిచ్చిన అతిథి కోసం కన్నకొడుకునైనా వదులుకోవాలి, ఇల్లు తగలబడినా సరే. అలాంటి ఇంట్లో, ఒక తెల్లవారుజామున, లులాష్ అనే అతిథిని పట్నం సర్కారు సైనికులు గడప మీదే కాల్చి చంపారు. పన్నులు కట్టబోమని నాలుగు ఊళ్ళను లేవదీసి, ప్రాణం కాపాడుకోడానికి లెష్ దొర ఇంట్లో తలదాచుకున్నవాడు లులాష్.

ఆ రోజు మొదలు లోయలో ఒకటే ప్రశ్న. తలుపు సైనికులు బద్దలు కొట్టారా, లోపలివాళ్ళు తీశారా? బద్దలు కొట్టారని రాజుగారి ఇల్లు. తీశారని లులాష్ ఇల్లు. రెండేళ్ళు తిరక్కుండానే పట్నంలో ఏలేవాళ్ళు మారి, లెష్ దొర పెళ్ళాం బిడ్డలతో, వదులు కిరీటంతో దేశం విడిచి పోయాడు. ప్రశ్న మాత్రం లోయలోనే ఉండిపోయింది.

ద్రాండె రోములో, రొట్టెల కొట్టు మీది మేడలో పుట్టింది. రాజ్యం పోయినా దర్పం పోలేదు ఆ ఇంట్లో. చేపల కొట్టు ముందు వరసలో నిలబడి కూడా మేనత్తలు ముద్దు పెట్టించుకోడానికి చెయ్యి చాపేవారు, ఆ చేపలవాడు ఆ చేతిలో చిల్లర పెట్టేవాడు. లెష్ దొర ధర్మప్రభువనీ, అతిథి కోసం తలుపు దగ్గర పోరాడాడనీ ఏటేటా ఒక చిన్న పుస్తకం అచ్చువేసి పంచేవారు. ఆ పుస్తకాలు చదువుతూనే ద్రాండె పెరిగింది. ఇరవయ్యో ఏట, తాత జీవితచరిత్ర తానే రాస్తానని ప్రకటించింది. మేనత్తలు మురిసిపోయారు. తండ్రి ప్రెంక్ మాత్రం కూతుర్ని బయటికి తీసుకెళ్ళి, నది వంతెన మీద నిలబెట్టి, “రాయకమ్మా,” అన్నాడు. “తలుపు తీసింది మా నాన్నే. నేను చూశాను.”

ఆ ఒక్క మాటతో ద్రాండె చరిత్రకారిణి అయింది. అప్పటిదాకా ఆమెకు చరిత్రంటే తాతల గొప్ప. ఆ సాయంత్రం నుంచి చరిత్రంటే తలుపు ఎవరు తీశారో కనుక్కోవడం. విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది, ఇటు పోలెండు నుంచి అటు పోర్చుగల్ దాకా కూలిపోయిన రాజ్యాల మీద నాలుగు పుస్తకాలు రాసింది. ఏ వంశం పొగడ్తలనూ నమ్మలేదు. “ఊళ్ళో రాజులందరి గుట్టూ విప్పుతుంది, తన ఇంటి గడపకి మాత్రం తాళం వేసుకుంటుంది,” అని తోటి పంతుళ్ళు ఎత్తిపొడిచేవారు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా, ఆ మాట ఆమెకు గుచ్చుకునేది. కానీ తండ్రికి మాట ఇచ్చింది, ఆయన బతికుండగా రాయనని.

ప్రెంక్ పోయి మూడేళ్ళయింది. పోతూ పోతూ కూతురి చెయ్యి పట్టుకుని అడిగింది ఒక్కటే. నన్ను లుగాజ్‌లో పాతిపెట్టు. అప్పటికి బయటివాళ్ళకి ఆ దేశం తలుపులు మూసి ఉన్నాయి. నిరుడు తెరుచుకోగానే ద్రాండె పష్కో ద్వారా అడిగించింది. లోయ పెద్దల జవాబు వెంటనే వచ్చింది. లులాష్‌ను అప్పగించలేదని రుజువు తెస్తే మట్టి ఇస్తాం. లేదంటే ఆ ఇంటి ఎముక ముక్కకి కూడా ఇక్కడ చోటు లేదు.

రుజువు లేదు, ఉండదు కూడా. అయినా బయల్దేరింది. ఎందుకంటే ఏం చెప్పేది? తండ్రి అస్థిపెట్టె రోములో శ్మశానం గోడలోని అద్దె గూట్లో ఉంది. దాని ముందు నిలబడ్డప్పుడల్లా ఆమెకు ఏడుపు ఆగదు.

లారీ ఆగింది. లులాష్ కొడుకు డోడా ఇల్లు అది, రాతితో కట్టింది, పైకప్పు సగం కొత్తది. దెబ్బ తిన్న ఇంట్లోనే పంచాయితీ కూర్చోవాలి, అది పద్ధతి. డోడా వాకిట్లో నిలబడి ఉన్నాడు. తండ్రి చచ్చిపోయిన నెలకి పుట్టినవాడు, ఇప్పుడు తెల్లమీసాల ముసలాడు.

“రా అమ్మా. దారిలో ఇబ్బంది పడలేదు కదా?”

“ఏం పడలేదు. మీరందరూ కులాసాయేనా?”

ఆమె మాట వినగానే గుమ్మంలో ఉన్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. తాతల నాటి యాస అది. తండ్రి దగ్గర నేర్చుకున్నది, మధ్యలో లోకం ఎంత మారినా మారకుండా రోములో అలాగే ఉండిపోయింది. వాళ్ళ వెనకనుంచి ఒక ముసలమ్మ, “నవ్వుతారేమే? మా అమ్మ మాట్లాడినట్టే ఉంది,” అని కసిరింది. డోడాకి అక్క, మ్రీకా. లులాష్ పెద్దకూతురు. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చేసి, తమ్ముణ్ణీ తమ్ముడి పెళ్ళాన్నీ వాళ్ళ కోళ్ళనీ కూడా అదుపులో పెడుతోంది.

లోపల పెద్దలంతా పొయ్యి చుట్టూ గొర్రెతోళ్ళ మీద కూర్చున్నారు. ఆడదైనా సరే, ద్రాండెను పొయ్యి పక్కన, అతిథి చోటులో కూర్చోబెట్టారు. పక్కగదిలో మాంసం ఉడుకుతున్న వాసన. డోడా కాఫీ కాచి, కప్పులు ఒక్కొక్కటే అందించాడు. ద్రాండెకు కుడిచేత్తో, తిన్నగా, ఛాతీ ఎత్తున అందించాడు.

ఆమె కప్పు పట్టుకుంది గానీ పెదవి ఆనించలేదు. తన ఇంటి అతిథిని చంపనిచ్చిన మగాడికి ఆ కొండల్లో కాఫీ అలా రాదు. ఇంటాయన ఎడమ మోకాలు ఎత్తి, దాని కిందుగా ఇస్తాడు. నలుగురిలో ఆ కప్పు అందుకోవడం కన్నా చావు నయం. ద్రాండెకు తిన్నగా వచ్చిందంటే ఒకటే కారణం, ఆమె ఆడది. ఆడదానికి పరువు బాకీలు ఉండవని వాళ్ళ ధర్మం. మర్యాద చేస్తున్నామనుకున్నారు పాపం.

“చూడమ్మా,” అన్నాడు డోడా నెమ్మదిగా. “మాకు కాగితాలు చదవడం రాదు. నువ్వు పెద్ద చదువులు చదివినదానివి. మీ తాత తలుపు తియ్యలేదని నీ నోటితో ఒక్క మాట చెప్పు. మేం నమ్ముతాం. నిజం చెప్పాలంటే, అలిసిపోయాం తల్లీ. పుట్టిన దగ్గర్నుంచీ ఈ పగ మోస్తున్నాను. దించుకుని పోవాలని ఉంది.”

“నమ్మేద్దాం, నమ్మేద్దాం,” అన్నాడు గోడవార కూర్చున్న బక్కపెద్దాయన. “అవతల గొర్రె మెత్తబడిపోతోంది.”

అందరూ నవ్వారు. పష్కో అందరికన్నా గట్టిగా నవ్వి, కానీయ్ అన్నట్టు అక్కకి కన్ను గీటాడు.

ఇంతకన్నా సులువు ఎక్కడైనా ఉంటుందా? వాళ్ళే తలుపు తీసి పట్టుకున్నారు. ఒక్క అబద్ధం, అదీ అందరూ కోరుకున్న అబద్ధం. ఎవరికి నష్టం? తండ్రికి మట్టి, డోడాకి శాంతి, పష్కోకి మీసం. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఎదురుగా ఉన్న ముసలాడి మొహం చూసింది ద్రాండె. ఈయన నమ్మేస్తాడు. ఇన్నాళ్ళూ లెష్ దొర ఇంటిమీద వట్టినే నింద వేశామని సిగ్గుపడతాడు. తండ్రిని పోగొట్టుకున్నదీ ఈయనే, సిగ్గుపడవలసిందీ ఈయనేనా? ఆమెకు ఒళ్ళు మండింది, తన మీద తనకే.

“తలుపు తీసింది మా తాతే,” అంది.

బక్కపెద్దాయన చేతిలో కప్పు కింద పెట్టేశాడు.

“అక్కా!” అన్నాడు పష్కో. “కొరివితో తల గోక్కుంటావేంటి!”

“నువ్వుండు. మా నాన్న ప్రెంక్ చూశాడు. అప్పటికి ఆయన చిన్నవాడు. తెల్లవారుజామున లులాష్‌గారు లేచారు. ఇంటి కొడుకే కదా అతిథి చేతుల మీద నీళ్ళు పొయ్యాలి, మా నాన్న చెంబు పట్టుకుని పోస్తున్నాడు. అప్పుడే మా తాత మెట్లు దిగి వెళ్ళి గడియ తీశాడు. ఎవరూ కొట్టలేదు, ఎవరూ తొయ్యలేదు. అతిథిని ఇచ్చేస్తే కిరీటం ఉండనిస్తామని బయట అధికారి చెప్పాడు. మా తాత నమ్మాడు. లులాష్‌గారు తిరిగి చూసేసరికి చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి. తుపాకీ గోడకి ఉంది. ఆ ఇంట్లో తుపాకీ అక్కర్లేదని ఆయనే తగిలించారు.”

“కంచే చేను మేసింది!” అంటూ బక్కపెద్దాయన లేచిపోయాడు. “నేను చెప్పలేదూ? ఇన్నేళ్ళూ నేను చెప్పలేదూ?” మరొకాయన ఉమ్మి, టోపీ పెట్టుకున్నాడు. అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. పష్కో తల రెండు చేతులతో పట్టుకుని, “అయిపోయింది. గొర్రె దండగ, కాఫీ దండగ,” అని గొణిగాడు.

గుమ్మంలోంచి మ్రీకా గొంతు వినిపించింది. ఆ గొంతుకి అందరూ ఆగారు.

“చేతులు కడుక్కున్నాడా మా నాన్న?”

“కడుక్కున్నారమ్మా. మొహం కూడా.”

“మాకు అప్పగించేసరికి ఒళ్ళంతా బురద. మురికి మొహంతో పోయాడని మా అమ్మ చచ్చేదాకా ఏడ్చింది.” మ్రీకా కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “కడుక్కున్నాడన్నమాట. సరే. సరే.”

డోడా పొయ్యిలో కట్టె ఎగదోశాడు. తర్వాత అన్నాడు: “నిజం చెప్పావు. దేవుడు నిన్ను చల్లగా చూడాలి. కానీ మాటంటే మాటే. రుజువు లేనిదే మీ నాన్నకి ఇక్కడ మట్టి లేదు.”

“తెలుసండీ.” తండ్రిని పోగొట్టుకోవడం రెండోసారి అయినట్టనిపించింది ఆమెకు. “అది తెలిసే చెప్పాను. కానీ ఒకటి అడుగుతాను. ఈ కప్పు నాది కాదు. మీరు పొరపాటున ఇచ్చారు.” కాఫీ కప్పు ముందుకు జరిపింది. “మా ఇంటికి ఎలా రావాలో అలా ఇవ్వండి.”

డోడాకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కంగారుపడ్డాడు. “ఛ ఛ, అదేం మాట! ఆడదానికి అలా ఇవ్వరమ్మా. ఆడదానికి ఈ లెక్కలేం ఉండవు.”

“మా ఇంట్లో ఇంక మగాళ్ళు లేరు. నాకు అన్నదమ్ములు లేరు, పిల్లలు లేరు. ఆడదానికి లెక్క లేదంటే, మా ఇల్లు మీకు బాకీ ఎగ్గొట్టి పోయినట్టే. అలా పోవడం నాకిష్టం లేదు. ఇవాళ ఆ ఇల్లంటే నేనే.”

“ఎక్కడా వినలేదు,” అన్నాడు బక్కపెద్దాయన. “పద్ధతి కాదు.”

“పద్ధతట, పద్ధతి!” మ్రీకా గది మధ్యకి వచ్చేసింది. “డెబ్బై ఏళ్ళుగా ఆ ఇంట్లోంచి మీసమున్నవాడు ఒక్కడూ వచ్చి ఈ కప్పు అడగలేదు. పుస్తకాలు అచ్చేసుకున్నారు గానీ. ఇదిగో, ఒక పిల్ల సముద్రం దాటొచ్చి నోరు తెరిచి అడుగుతుంటే మీకు సిగ్గేసిందా? ఇవ్వరా డోడా. నేను కాస్తాను.”

ఆమె కొత్తగా కాఫీ కాచింది. పంచదార వెయ్యలేదు. కప్పు తమ్ముడి ఎడమచేతిలో పెట్టింది.

ఆ గదిలో ఉన్నవాళ్ళెవరూ అది కళ్ళారా చూసినవాళ్ళు కారు, వినడమే. డోడా ఎడమ మోకాలు ఎత్తబోయాడు. కీళ్ళు పట్టేశాయి, టప్పుమని చప్పుడయింది. ఇంకోసారి ఎత్తాడు. “నెమ్మది, ఒలుకుతుంది,” అని పష్కో నోరు జారి, నాలుక కరుచుకున్నాడు. కప్పు మోకాలి కిందుగా ఇవతలికి వచ్చింది. ద్రాండె వంగి, రెండు చేతులతో అందుకుంది. అందరూ చూస్తుండగా, ఆపకుండా, చేదుగా, మడ్డితో సహా తాగేసింది. కన్నీళ్ళు గడ్డం మీదుగా కారుతున్నాయి, తుడుచుకోలేదు. సిగ్గు వేసింది, నిజమే. కానీ ఇన్నేళ్ళూ నలుగురిలో ఎప్పుడూ ఒక పక్కకి ఒదిగి కూర్చునే మనిషి, ఆ క్షణాన నిటారుగా కూర్చుంది.

“మీ నాన్న,” అన్నాడు డోడా, మోకాలు రుద్దుకుంటూ. “తర్వాత ఎలా బతికాడు?”

“ఒక అచ్చు కార్యాలయంలో పనిచేశాడు. మంచివాడు. రోములో మన కొండలవాళ్ళు పెళ్ళికో చావుకో కలిసేవారు కదా, ఎవరింట్లోనూ కాఫీ ముట్టేవాడు కాదు. కడుపునొప్పి అనేవాడు. ఎవరైనా మోకాలు ఎత్తుతారేమోనని భయం. ఇంట్లో మాత్రం రోజుకి నాలుగుసార్లు తాగేవాడు.”

ఎవరో సగం నవ్వి ఆపుకున్నారు. డోడా నవ్వలేదు.

“అప్పుడెంత వయసు?”

“పదకొండు.”

“నాకూ అంతే కాస్త అటూ ఇటూ,” అంది మ్రీకా. “ఆ పిల్లాణ్ణి నేను చూశాను. శవం కోసం వెళ్ళినప్పుడు మేడమీద కిటికీలో ఉన్నాడు. ఏడుస్తున్నాడు. రాజు కొడుకు కూడా ఏడుస్తాడా అనుకున్నాను.”

అక్కా తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డోడా లేచి నిలబడ్డాడు. ఇంటి పెద్ద నిలబడి చెప్పినమాటకి తిరుగుండదు.

“మీ నాన్నని తీసుకురా,” అన్నాడు.

“తీసుకురావడమేమిటి?” బక్కపెద్దాయన మళ్ళీ లేచాడు. “రుజువు లేనిదే లేదన్నావు కదా! లెష్ కొడుకుని మళ్ళీ ఆ రాజుల సమాధుల గుట్ట మీద పెడతావా?”

“గుట్ట మీద కాదు. మా నాన్న పక్కన.”

ఈసారి మ్రీకా కూడా నోరు తెరిచి తమ్ముడివైపు చూసింది.

“లులాష్ పక్కన లెష్ కొడుకా! మతిపోయిందా నీకు?” అన్నాడు బక్కపెద్దాయన.

“ఏం పోలేదు. ఆలోచించే అంటున్నాను. మా నాన్న వాళ్ళ ఇంటి అతిథి. అతిథి పక్కన ఆ ఇంటి మనిషి ఒకడు నడిచి, పొలిమేర దాటిందాకా సాగనంపాలా వద్దా? ఆ పని మిగిలిపోయింది. ఆ రోజు ఆ ఇంట్లో మా నాన్నకి మర్యాద చేసినవాడు ఆ పిల్లాడొక్కడే, చేతులమీద నీళ్ళు పోశాడు. తలుపు దగ్గర తండ్రికి అడ్డం నిలబడ్డానికి పదకొండేళ్ళవాడికి బలం చాలలేదు. ఇప్పుడు వచ్చి పక్కన ఉండమను. రాత్రీ పగలూ ఉండమను. మా నాన్న ఒంటరిగా పడుకుని చాలా ఏళ్ళయింది.”

బక్కపెద్దాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పష్కో ఎక్కిళ్ళు పెట్టి ఏడుస్తున్నాడు, మనిషి అంత గట్టిగా ఏడవగలడని వాడి అక్కకి తెలియదు.

ద్రాండె లేచి డోడా చెయ్యి పట్టుకుంది, వదల్లేదు. ఆయన కొంచెం ఇబ్బందిపడి, రెండో చేత్తో ఆమె తలమీద తట్టాడు.

“ఎప్పుడు తీసుకురాను?” అంది.

“మంచు పడకముందే రావాలి,” అంది మ్రీకా, మాంసం గిన్నె దించడానికి పక్కగదిలోకి వెళ్తూ. “పడిందంటే ఈ దారి మూసుకుపోతుంది, వసంతం దాకా ఆగాలి. అసలే మీ నాన్న చాలా ఆలస్యం చేశాడు.”